‘దానం’ అనకుండా జకాత్ గురించి చెప్పగలరా?

నమస్కారం. జకాత్ అంటే ఏమిటో ఒకసారి చెప్పండి. షరతు ఒక్కటే: దానం, డబ్బు, పేదలు అనే మూడు మాటలు మీ నోట రాకూడదు. కావాలంటే వీడియో ఆపి ప్రయత్నించండి.

కష్టంగా ఉంది కదా! వివిధ మతాల గురించి చదివే పిల్లలకు పదాల పునశ్చరణ కోసం నేను ఆడించే ఆటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, నిషిద్ధ పదాల ఆట. చీటీ మీద ఒక పదం, దాని కింద వాడకూడని మూడు మాటలు. ఒకరు వివరిస్తారు, జట్టువాళ్లు ఆ పదం కనిపెట్టాలి. ‘దానం’ అనే మాట అందుబాటులో ఉన్నంతసేపూ విద్యార్థి దానితోనే సరిపెట్టుకుంటాడు. దాన్ని లాగేసుకున్నాకే ఆలోచన మొదలవుతుంది. ఇస్లాం ఐదు మూలస్తంభాల్లో ఒకటి. తప్పనిసరిగా ఇవ్వవలసినది. నగదు, బంగారం వంటి సంపద నిర్ణీత స్థాయిని మించి ఒక చాంద్రమాన సంవత్సరం నిలిచి ఉంటే, అందులో 2.5 శాతం. ఇంతదాకా వచ్చిన పిల్లవాడికి, మనసుకు తోచినప్పుడు ఇచ్చే సదఖా వేరని మళ్లీ చెప్పనక్కరలేదు.

పుస్తకం ఇంకోసారి చదివితే సరిపోదా అని అడుగుతారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించి చూశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, పాఠం తిరిగి చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. ఆట చేయించేదీ ఆ గుర్తు తెచ్చుకునే పనే.

అయితే అన్ని ఆటలూ ఆ పని చేయించవు. ముందు గంట కొట్టినవారికి మార్కులంటే చురుకైన ఇద్దరు ఆడతారు, మిగతావాళ్లు ప్రేక్షకులవుతారు. గళ్లలో పదాలు రాసుకుని, విన్నదాన్ని కొట్టేసే బింగో ఆటలో పదాన్నే చదివి వినిపిస్తే పిల్లలు వెతికేది అక్షరాలను. అర్థం చదవండి, పదం వాళ్లు పట్టుకోవాలి.

తెలుగులో చదివేవారికి ఇంకో చిక్కుంది. ఈ మాటలు చాలావరకు మనకు ముందే తెలుసు, ఇబ్బంది అక్కడే. విసుగొస్తే ‘నా కర్మ’ అంటాం, కదలని ఫైలుకు ‘మోక్షం’ ఎప్పుడని అడుగుతాం. ఈ పరిచయమే పాఠానికి అడ్డొస్తుంది. అందుకే బల్లమీద మతాల పేర్లు రాసి పెట్టి, ఒక్కో పదాన్ని చేతికిచ్చి, ఎక్కడ పెడతావో ఎందుకో చెప్పమంటాను. కర్మ వచ్చినప్పుడు చూడాలి! జైనంలో అది జీవుడికి అంటుకునే సూక్ష్మ పదార్థం. బౌద్ధంలో సంకల్పానికే ప్రాధాన్యం. జైన తత్వంలో ‘ధర్మం’ అంటే నీతి అనే కాదు, కదలికకు తోడ్పడే ద్రవ్యం కూడా. ‘సంఘం’ అంటే బౌద్ధంలో ప్రధానంగా భిక్షువుల, భిక్షుణుల సముదాయం, తెలుగు బైబిల్లో క్రీస్తు విశ్వాసుల సమాజం. ఒకే చీటీని రెండు చోట్ల పెట్టాలని పిల్లలు తామే వాదిస్తారు. ఆ వాదనను ఆపకండి, పీరియడ్ అయిపోయినా ఫరవాలేదు.

వినడానికి దగ్గరగా ఉండే జంటలను వరసగా ఇవ్వండి: పునర్జన్మ, పునరుత్థానం, నిర్వాణం, నిర్యాణం. మొదటి జంటలో ఒకటి మరో జన్మ ఎత్తడం, రెండోది మరణించినవారు తిరిగి లేవడం. రెండో జంటలో నిర్వాణం బౌద్ధంలో తృష్ణ ఆరిపోయి దుఃఖం నుంచి విముక్తి పొందడం, నిర్యాణం మరణం. పరీక్షల్లో తారుమారయ్యేవి ఇవే.

ఒక విషయంలో మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. మూకాభినయం ఆటలో ప్రార్థనలను, సంస్కారాలను అభినయించనివ్వను. నమాజునో, ప్రభు భోజనాన్నో అనుకరిస్తే తరగతి నవ్వుతుంది. ఆ విశ్వాసంలో పెరిగిన బిడ్డ ఆ నవ్వుల మధ్య తల దించుకుని కూర్చుంటుంది. ‘మీ మతమే కదా, నువ్వు చెప్పు’ అని ఆ బిడ్డను నిలబెట్టడం కూడా తప్పే. మనం ఆడేది మాట అర్థంతో. ఆ మాట ఎవరికి ప్రాణమో వారితో కాదు.

తప్పిన చీటీలను విడిగా ఉంచి, వారం తర్వాత మళ్లీ ఆడించండి. అప్పుడు నిషిద్ధ పదాలను పిల్లలనే రాయనివ్వండి. ఏ మాట తీసేస్తే వివరణ కష్టమవుతుందో తెలియాలంటే అర్థం బాగా పట్టుబడి ఉండాలి. ‘నిర్వాణం’ కింద నేను రాసినవి బుద్ధుడు, మోక్షం, ఆరిపోవడం. మీరైతే ఏ మూడు రాస్తారు?