సముద్రపు మంచు మీద నడవొచ్చా? రెండు గిన్నెలతో చూద్దాం

నమస్కారం. తిరుపతిలో మా వంటింట్లోంచి మాట్లాడుతున్నా. మా తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు: "సార్, మంచు నాలుగంగుళాల మందముంటే మనిషిని మోస్తుందంట గదా?" మోస్తుంది, చెరువు మంచయితే, అదీ గట్టిగా అద్దంలా ఉంటే. ఆ లెక్కతో సముద్రం మీదికి పోతే ప్రాణానికే ముప్పు.

ఇవి ఒకే కొలత గిన్నెలు. ఒకదాంట్లో అర లీటరు మంచినీళ్ళు. ఇంకోదాంట్లో అన్నే నీళ్ళు, 17 గ్రాముల కల్లుప్పు. సముద్రపు ఉప్పదనం దాదాపు ఇంతే. రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచా.

స్క్రూడ్రైవర్‌తో మంచినీటి గడ్డను నొక్కుతున్నా. గీత పడిందంతే. ఇప్పుడు ఉప్పుది... చూశారా, దిగబడిపోయింది!

నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఉప్పును లోపలికి రానివ్వవు. అదంతా కొంచెం నీళ్ళలో చిక్కబడి, గడ్డలో సన్నసన్న అరల్లో మిగిలిపోతుంది. మైనస్ 18 డిగ్రీల్లో కూడా ఈ గిన్నెలో సుమారు ఆరో వంతు గడ్డకట్టని ఉప్పునీళ్ళే. సముద్రంలో అవి చాలావరకు కిందికి కారిపోతాయి కాబట్టి అక్కడి మంచు దీనికంటే నయం. కానీ చలి తగ్గి మైనస్ 5 దగ్గరికొస్తే ఆ అరలు పెద్దవై ఒకదాంట్లోకొకటి తెరుచుకుంటాయి. మందం అంతే ఉంటుంది, బలం పోతుంది. నాకు భయమేసేది ఇక్కడే, కొలిస్తే నిన్నటి అంకే కనబడుతుంది మరి.

ఈ గడ్డల్ని పెరట్లో పెట్టా. రోళ్ళు పగిలే రోహిణి ఎండ! ఉప్పుది ముందే చితికిపోయింది, పట్టుకుంటే వేళ్ళ మధ్య జారుతోంది.

మందం సగమైతే మోసే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక ఆ గడ్డ మీద పైనుంచి రాలే మెత్తటి హిమం పేరుకుంటే అది కంబళిలా చలిని ఆపుతుంది, కింద గడ్డ పలచగానే ఉండిపోతుంది. సముద్రపు మంచు నల్లగా కనబడితే కొత్తది, పలచనిది, దాని జోలికి పోవద్దు. ఆర్కిటిక్‌లో, అంటే ఉత్తర ధ్రువం చుట్టుపక్కల, అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ వేటగాళ్ళు ఇనుప మొన కర్రతో ముందు పొడిచి చూసి అడుగేస్తారు. బండి ఒకేచోట చాలాసేపు నిలిపితే మంచు మెల్లగా కుంగుతుంది. చుట్టూ నీళ్ళు ఊరుతుంటే వెంటనే కదలాలి.

ఒకవేళ పడిపోతే? వచ్చిన వైపుకే తిరగండి, ఆ మంచు అంతవరకూ మిమ్మల్ని మోసింది. మోచేతులు అంచు మీద ఆనించి, ఈదినట్టు కాళ్ళు గట్టిగా ఆడిస్తూ బోర్లా పైకి జరగండి. లేచి నిలబడొద్దు. దొర్లుకుంటూ వెనక్కి రండి.