పెత్రమాసకు ముందు వంటింటి అలమర

శ్రోతలందరికీ నమస్కారం.

వినాయకుణ్ని నిమజ్జనానికి సాగనంపిన తర్వాత మన ఇళ్లలో ఒక పక్షం రోజులు కాస్త ఊపిరి దొరుకుతుంది. ఆ తర్వాత పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, వస్తుంది. ఆ రోజు పొద్దున పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చుకుంటాం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు, వెంటనే దసరా, ఇంకో ఇరవై రోజులకు దీపావళి. ఒకసారి మొదలైతే వంటింట్లో నిలబడి ఆలోచించే తీరిక ఉండదు. అందుకే ఆ పక్షం రోజుల్లో ఏదో ఒక రోజు చూసుకుని వంటింటి అలమర మొత్తం కిందికి దించమని చెప్పడానికి వచ్చాను. అది కూడా దుకాణానికి చిట్టీ రాయకముందే దించాలి. చాలామందిమి ముందు సామాను తెచ్చుకుని, ఆ తర్వాత ఎక్కడ పెట్టాలా అని సదురుకుంటాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను.

మా అత్తగారిల్లు నల్గొండ. రెండేళ్ల కిందట వెన్నముద్దల బతుకమ్మ నాడు జరిగిన సంగతి ఇది. ఎనిమిదో రోజు గౌరమ్మకు నువ్వులు, బెల్లం, వెన్న కలిపి ముద్దలు చేసి పెడతాం కదా. నువ్వులు దోరగా వేయించాను, దంచాను, ముద్దలు కట్టాను. ఆట అయిపోయింది, పాట అయిపోయింది, బతుకమ్మను నీళ్లలో వదిలాం. అందరం కూర్చుని ఫలారం పంచుకున్నాం. పక్కింటి వదిన ముద్ద నోట్లో పెట్టుకుని ఏమీ అనలేదు. నా బిడ్డ మాత్రం నా కొంగు పట్టి గుంజి, "అమ్మా, చేదుంది" అంది. నేనూ తిని చూశాను. నిజమే, చేదు. పాత నూనె వాసన. నైవేద్యం ముందు రుచి చూడం కాబట్టి అప్పటిదాకా తెలియలేదు. గౌరమ్మకు అదే పెట్టానే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి అలమర తెరిచి చూస్తే నువ్వులు మూడు చోట్ల ఉన్నాయి. పై అరలో ఒక ప్యాకెట్, పప్పుల వెనక ఇంకొకటి, స్టీలు డబ్బాలో మిగతావి. ఆ డబ్బా అడుగున ఉన్నవి సంక్రాంతికి సకినాలలోకి తెచ్చినవి. బతుకమ్మకు తెచ్చిన కొత్త నువ్వులు వాటి మీదే పోశాను. మంచివి, చెడ్డవి కలిసిపోయాయి, ఇక వేరు చేయలేం. అప్పటి నుంచి మా ఇంట్లో పాత వాటి మీద కొత్తవి పోయడం మానేశాం. డబ్బా ఖాళీ అవ్వాలి, పొడిగుడ్డతో తుడవాలి, కాసేపు ఎండలో బోర్లించాలి, అప్పుడే కొత్తవి పోయాలి. పాతవి ఇంకా ఉంటే కొత్త ప్యాకెట్ కత్తిరించకుండా దాని వెనకే ఉంచుతాం.

నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి, ఈ మూడింటిలో నూనె ఎక్కువ. గాలి తగిలితే ఆ నూనె పాడవుతుంది, వేడికి ఇంకా తొందరగా పాడవుతుంది. పొడి కొట్టి పెడితే మరీ తొందర. కాబట్టి పొయ్యి పైన ఉన్న అర వీటికి పనికిరాదు. పొయ్యికి దూరంగా, కింది అరలో, గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచండి. పొడులు పండుగకు రెండు రోజుల ముందు కొట్టుకుంటే చాలు, పదిహేను రోజుల ముందే కొట్టి పెట్టకండి.

పల్లీల గురించి ఇంకో మాట. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి చుట్టాలు సంచులతో పంపుతుంటారు, మనకు కొదవ లేదు. కానీ వానాకాలంలో చెమ్మ తగిలిన పల్లీలకు బూజు పడుతుంది. పచ్చగానో నల్లగానో బూజు కనిపించినవి, ముడుచుకుపోయినవి, నమిలితే చేదు తగిలేవి ఏరి పారేయండి. వేయిస్తే పోతుందిలే అనుకోవద్దు. ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ఈ విషయంలో పొదుపు చూసుకోకండి.

ఇక పురుగు సంగతి. బియ్యంలో ముక్కుపురుగు కనిపిస్తే సంచి కట్టు వదులైంది, బయటి నుంచి వచ్చింది అనుకుంటాం. చాలాసార్లు అది గింజతోపాటే ఇంట్లోకి వస్తుంది. ఆడపురుగు గింజకు సన్నని బెజ్జం చేసి, అందులో గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్ల లోపలే తిని, లోపలే పెరిగి, సుమారు నెల రోజులకు బయటపడుతుంది. మిర్యాలగూడ మిల్లు నుంచి మంచి బియ్యమే తెచ్చుకున్నా నెల తర్వాత పురుగు పట్టవచ్చంటే కారణం ఇదే.

పెసలు, అలసందలు, కందుల సంగతి వేరు. ఒక గుప్పెడు పెసలు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడండి. గింజ మీద ఆవగింజలో సగం కూడా లేని తెల్ల చుక్కలు కనిపిస్తే అవి పుచ్చుపురుగు గుడ్లు. గుండ్రటి బెజ్జాలు కనిపిస్తే పురుగు అప్పటికే బయటికి వచ్చేసిందన్నమాట. చుక్కల దగ్గరే పట్టుకుంటే గింజలు దక్కుతాయి. పప్పుగా పగలగొట్టిన వాటికి ఈ పుచ్చుపురుగు బెడద తక్కువ.

మా పుట్టిల్లు పాలమూరు జిల్లా. అమ్మమ్మ ఇంట్లో అర్రలో ఒక మూల దొంతులు ఉండేవి, కుండ మీద కుండ. ఒక దాంట్లో కందులు, ఒక దాంట్లో పెసలు, పై దాంట్లో చింతపండు. ఆ చెల్క నేలల్లో అప్పట్లో ఎటు చూసినా ఆముదం చేలే. అమ్మమ్మ చాటలో కందులు పోసి, అరచేతికి ఆముదం రాసుకుని, గింజ గింజకు అంటేలా రుద్దేది. గింజలు నిగనిగలాడుతూ చాటలో గలగలమనేవి. ఆమె రుద్దిన దానికి సరైన కారణం ఉంది. గింజను పట్టిన నూనెపొర వల్ల పురుగు గుడ్డు పిల్ల కాకుండానే చచ్చిపోతుంది. కిలో పెసలకు ఒక చిన్న చెంచాడు ఆముదం చాలు. వండేముందు గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడిగితే జిడ్డు పోతుంది.

వేపాకు వేసేవాళ్లు దాన్ని నీడలో పూర్తిగా ఎండబెట్టి, గలగలమన్నాకే వేయండి. పచ్చి ఆకు వేస్తే దాని చెమ్మే గింజకు పడుతుంది. ఎండ పెట్టడం కూడా అంతే. మధ్యాహ్నం ఎండలో పలుచగా పరచండి, కానీ సాయంత్రం వేడి వేడిగా డబ్బాలో పోసి మూత పెట్టకండి. లోపల ఆవిరి పట్టి నీరు కారుతుంది, ఎండబెట్టిన శ్రమంతా వృథా. చాటలో పూర్తిగా చల్లారనిచ్చి పోయాలి. రవ్వ, మైదాలాంటివి ఎండ పెట్టలేం కాబట్టి ప్యాకెట్‌తో సహా ఫ్రిజ్ పై అరలో, గడ్డకట్టే చోట, నాలుగు రోజులు ఉంచితే పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. బయటికి తీశాక ప్యాకెట్ మామూలు వేడికి వచ్చేదాకా విప్పకండి.

ఇది మాత్రం చాలా గట్టిగా చెబుతున్నాను. గోదాముల్లో ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు కొందరు బియ్యం సంచుల్లో, డబ్బాల్లో వేస్తున్నారు. అవి చెమ్మ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. మూసిన ఇంట్లో, పక్క గదిలో పిల్లలు పడుకుని ఉండగా ఆ గాలి పీలిస్తే ప్రాణాలే పోతాయి. దానికి విరుగుడు మందు లేదు. ఎవరు ఇచ్చినా, ఎంత మంచిదని చెప్పినా ఇంట్లోకి రానివ్వకండి. బియ్యంలో బోరిక్ పౌడర్ కలపడం కూడా మానేయండి. పురుగు పట్టిన బియ్యాన్ని జల్లెడ పట్టి, చెరిగి, ఎండబోసి వాడుకోవచ్చు.

సరే, అన్నీ దించారు, ఏరారు, తుడిచారు. ఇప్పుడు తిరిగి ఎలా పెట్టాలి? పెద్ద డబ్బాలు కింద, చిన్నవి పైన అని పెట్టడం మనకు అలవాటు. నేను రెండేళ్లుగా బతుకమ్మ వరుసలో పెడుతున్నాను, నాకు చాలా సుఖంగా ఉంది. ఎడమ చివర నువ్వులు, బియ్యప్పిండి, అవి ఎంగిలిపూలకు. పక్కన అటుకులు, బెల్లం. తర్వాత ముద్దపప్పుకు కందిపప్పు, నానబియ్యానికి బియ్యం, అట్లకు కావలసినవి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం లేదు, అక్కడ కాస్త ఖాళీ వదిలాను. ఏడో రోజు వేపకాయల ఆకారంలో పిండివంటకు మళ్లీ బియ్యప్పిండే కావాలి, ఎనిమిదో రోజు ముద్దలకు నువ్వులు, బెల్లం. చివరికి సద్దులు. చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, పెరుగు, ఇలా అయిదు సద్దులకు కావలసిన ఆవాలు, శనగపప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ అన్నీ ఒకే ట్రేలో. తొమ్మిదో రోజు ఆ ట్రే లాగితే చాలు. పులిహోరకు పాత బియ్యం విడిగా పెట్టుకోండి, కొత్త బియ్యం ముద్దవుతుంది.

ఇలా వరుసగా పెట్టేటప్పుడే ఏది ఎంత ఉందో తెలిసిపోతుంది. పోయినసారి నేను రాసిన చిట్టీలో నువ్వులు లేవు, బెల్లం కిలోకు బదులు అరకిలో చాలింది. డబ్బా మీద చిన్న కాగితం అంటించి కొన్న నెల రాయండి. ప్యాకెట్ మీద బెస్ట్ బిఫోర్ అని ఉంటే ఆ తేదీ దాటాక రుచి, వాసన తగ్గుతాయని అర్థం, తెరిచి చూసి నిర్ణయించుకోవచ్చు. ఎక్స్‌పైరీ, యూజ్ బై అని ఉంటే మాత్రం ఆ తేదీ దాటినది వాడొద్దు.

బెల్లం వానలకు చెమ్మ పీల్చుకుని జిగటగా అవుతుంది, గట్టి మూత ఉండాలి. కారం, చింతపండు జాడీల్లో తడి గరిటె పెట్టకండి. వీటి గురించి మీకు నేను చెప్పేదేముంది.

అలమర దించే పని ఒక్క మనిషి మీద వేసుకోకండి. మా ఇంట్లో ఈ ఆదివారం పెట్టుకున్నాం. పై అర డబ్బాలు మా ఆయన దించుతారు, కాగితాల మీద పేర్లు, నెలలు రాసేది బిడ్డ. అత్తమ్మ ఇప్పటికే చాట, జల్లెడ తీసి అరుగు మీద పెట్టింది. నువ్వులు మాత్రం తనే చూస్తానంది, నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలి చూశాకే డబ్బాలో పోయనిస్తుందట.

సెలవు, నమస్కారం.