కనిపించని అతుకులో ఉష్ణోగ్రత: థర్మోప్లాస్టిక్ కాంపోజిట్ వెల్డింగ్

(దృశ్యం: విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్. పగిలిన కారు బంపర్‌కు హీట్ గన్‌తో అతుకు వేస్తున్న చేతులు.)

నమస్కారం. ఈ బంపర్‌లోని పాలిప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పగులు అంచు నిగనిగలాడగానే పనివాడు ప్లాస్టిక్ రాడ్‌ను అదుముతాడు. కార్బన్ పోగులను వేడికి కరిగే ప్లాస్టిక్‌లో పొదిగి చేసిన థర్మోప్లాస్టిక్ కాంపోజిట్ పలకలను అతికేవారికి ఆ సౌకర్యం లేదు. కరగవలసింది రెండు పలకల నడుమ ఉన్న తలం, కంటికి కనిపించేది పైతలం.

విమాన భాగాలలో వాడే పీక్ అనే ప్లాస్టిక్ 343 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నడుమ తలాన్ని 380 నుంచి 400 డిగ్రీల వరకు తీసుకువెళ్తే రెండు వైపుల అణుగొలుసులు ఒకదానిలోకి ఒకటి చక్కగా చొచ్చుకుంటాయి. ఇంకా పెంచి ఎక్కువసేపు ఉంచితే ప్లాస్టికే చెడిపోతుంది.

(దృశ్యం: పలకపై కదులుతున్న ఇండక్షన్ కాయిల్ బొమ్మ.)

ఇండక్షన్ పద్ధతిలో కాయిల్ అయస్కాంత క్షేత్రం వల్ల కార్బన్ పోగులలో విద్యుత్తు సుడులు తిరిగి వేడి పుడుతుంది. అయితే కాయిల్‌కు దగ్గరగా ఉన్న పైతలమే ముందు వేడెక్కుతుంది కనుక, ఆ వేడిని లాగివేసే సిరామిక్ పలకను పైన ఉంచడమో, గాలి ఊది చల్లార్చడమో చేస్తారు. అంచు సంగతి మరీ మొండిది: విద్యుత్తుకు అంచు దాటే దారి లేక, అక్కడే ఇరుకుగా గుమిగూడి మలుపు తిరుగుతుంది, దానితో మధ్యభాగం ఇంకా కరగకముందే అంచు మాడవచ్చు. అందువల్ల సగటు ఉష్ణోగ్రత బాగుందన్న రిపోర్టును నేనైతే నమ్మను.

కొలత కోసం ముందుగా నమూనా పలకల నడుమ ఉష్ణోగ్రత కొలిచే తీగ, అంటే థర్మోకపుల్ పెట్టి, ఆ అంకెకూ పైతలాన్ని తాకకుండానే చూసి ఉష్ణోగ్రత చెప్పే పైరోమీటర్ అంకెకూ ఉన్న సంబంధాన్ని రాసుకుంటారు. అసలు భాగంలో తీగను వదిలేస్తే అదే లోపమై కూర్చుంటుంది. పైగా ఆ క్షేత్రంలో తీగ తానే వేడెక్కి అబద్ధం చెప్పవచ్చు.

పవర్‌నూ సమయాన్నీ మాత్రమే బిగించి పెడితే మరో చిక్కు ఉంది. చలికాలం ఉదయం 18 డిగ్రీల వద్ద మొదలైన పలక, మే నెల మధ్యాహ్నం మన షెడ్‌లో 42 వద్ద మొదలవుతుంది. ఆ 24 డిగ్రీలలో చాలా భాగం చివరి ఉష్ణోగ్రతలోనూ కలిసిపోతుంది, మనకున్న వెసులుబాటేమో 20 డిగ్రీలే. కనుక పైరోమీటర్ కొలతను బట్టి పవర్‌ను ఎప్పటికప్పుడు సర్దే నియంత్రణ తప్పదు.

చల్లార్చడంలోనూ తొందర పనికిరాదు. మరీ వేగంగా చల్లారిస్తే స్ఫటికాలు తగినంతగా ఏర్పడవు. పలకలను అదిమి ఉంచే నొక్కుడునేమో పీక్ గట్టిపడే 143 డిగ్రీల దిగువకు అతుకు చేరేవరకు వదలకూడదు. కరిగి ఉండగానే వదిలితే అణచి ఉంచిన పోగులు పైకి లేచి, పొరల మధ్య బుడగలు మిగులుతాయి.