రంగు వెయ్యని స్లైడు

ప్రిన్సిపాల్ గారికి, మా మాస్టర్లకి నమస్కారం. నా గురించి చాలానే చెప్పారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

బతికున్న కణం లోపల విడిగా తిరిగే కాల్షియం, బయట ఉన్నదాంట్లో పదివేలో వంతు మాత్రమే. దాన్ని కొలవడానికి 1985లో శాస్త్రవేత్త రోజర్ చెన్ బృందం, కాంతి పడితే వెలిగే ఫ్యూరా-2 అనే రంగును తయారుచేసింది. 340 నానోమీటర్ల కాంతితో ఒకసారి, 380తో ఒకసారి చూసి, ఆ వెలుగుల నిష్పత్తి తీస్తే కాల్షియం తెలుస్తుంది. కానీ రుణావేశాలున్న ఈ రంగును కణం పొర లోపలికి రానివ్వదు. అందుకు చెన్ 1981లోనే ఉపాయం కనిపెట్టాడు. ఆవేశాలకు ఎస్టర్ అనే రసాయన ముసుగులు తొడిగితే అణువు పొర దాటుతుంది. లోపలి ఎంజైములు ముసుగులు కోసేస్తాయి. ఇక రంగు బయటికి రావడం కుదరదు.

ఫ్యూరా-2కి ముసుగులు ఐదు. ఒక్కో ముసుగు ఊడినప్పుడు ఒక ఎసిటిక్ ఆమ్లం, ఒక ఫార్మాల్డిహైడ్ పుడతాయి. ఫార్మాల్డిహైడ్, పిల్లలూ! మీ జువాలజీ ల్యాబులో కప్పను నిలవుంచిన సీసాలో ఉన్నది అదే.

ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీ గురించి, దానికి వచ్చిన 2008 నోబెల్ గురించి కూడా మాట్లాడతానని ఆహ్వానంలో వేశారు. క్షమించండి, ఈ మాట పూర్తి చెయ్యకుండా అటు వెళ్లలేను.

నా పీహెచ్‌డీ రెండో ఏడు. బొమ్మ బాగా రావాలని 10 మైక్రోమోలార్ గాఢతతో రంగు పోసి గంటసేపు ఉంచాను. కణాలు దీపాల్లా వెలిగాయి. కణంలో కాల్షియం పెరిగి తగ్గే అలలు మాత్రం మెల్లగా లేచి మెల్లగా పడేవి. ఈ కణాల తీరే అంతని నాలుగు నెలలు నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకరోజు మా ల్యాబులో కణాలు పెంచే అమ్మాయి అడిగింది: "అక్కా, రంగు వెయ్యని ప్లేటు ఒక్కసారైనా చూశావా?"

చూడలేదు. చూస్తే ఆ ప్లేటులో కణాలు కదులుతున్నాయి, నా ప్లేటులోవి ముడుచుకుని ఉన్నాయి. ఫార్మాల్డిహైడ్ గుర్తుందా? పైగా రంగు పట్టుకున్న కాల్షియం కణానికి అందదు కదా! అంత రంగు పోసి అలను నేనే అణిచేశాను. 1 మైక్రోమోలార్‌కి తగ్గించాను. బొమ్మ మసకబారింది, అల చురుగ్గా లేచింది.

మీలో ఎంతమంది ప్రాక్టికల్స్‌లో బ్లాంక్, అంటే ఏమీ కలపని నమూనా, చెయ్యకుండా రీడింగు వేశారు? చేతులెత్తండి, ఏం ఫర్వాలేదు. నేనూ ఎత్తుతున్నాను.

పక్క గదిలో ఉల్లిపొర స్లైడులు రెండు పెట్టాను. ఒకదానికి న్యూట్రల్ రెడ్ వేశాను. అది కూడా ఆవేశం లేనప్పుడు పొర దాటి, రిక్తికలోని, అంటే కణంలోని నీటి సంచిలోని, ఆమ్లంలో ఆవేశం తెచ్చుకుని చిక్కుకుపోతుంది. ఎర్రగా బాగుంటుంది. రెండోదానికి ఏమీ వెయ్యలేదు. ముందు దాన్ని చూడండి. గోడ పక్కన సన్నటి రేణువులు పాకుతుంటాయి, కనిపించేదాకా లేవకండి.