పొడుగు గోల్డెన్‌రాడ్ విశాఖ పెరట్లో

అందరికీ నమస్కారం. బొకేల్లో గులాబీల సందుల్లో పసుపు కుచ్చులు గుచ్చుతారు చూడండి, అదే గోల్డెన్‌రాడ్. చామంతి కుటుంబం, పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడ ఆరడుగులు దాటే రకాలున్నాయి. ఇక్కడ అంత ఎత్తు రావడం లేదని చాలామంది ఎరువు మీద ఎరువు వేస్తారు. ముందు మానాల్సింది అదే.

ఎత్తును తేల్చేది పగటి పొడవు. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ కాడ సాగుతుంది, తగ్గగానే పూతకొస్తుంది. కెనడా దక్షిణ ప్రాంతాల్లో నడివేసవి పగలు 15 గంటలు దాటుతుంది. విశాఖలో జూన్‌లోనూ సుమారు 13 గంటల 10 నిమిషాలే. అందుకే పూల రైతులు రాత్రిళ్లు బల్బులు వెలిగిస్తారు. పెరట్లో అంత శ్రమ అక్కర్లేదు, ఫిబ్రవరి, మార్చిలో పిలకలు నాటండి. డిసెంబరులో నాటిన పిలక ఎదగక నేలనంటుకునే ఉంటుంది.

మన ఎర్రమట్టి చాలు, నీరు మాత్రం నిలవకూడదు. చదరపు మీటరుకు 2 కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి, మడి అరడుగు ఎత్తు చేసి, అడుగు ఎడంగా నాటండి. యూరియా వద్దు. నత్రజని ఎక్కువైతే కాడ మెత్తబడి గాలికి ఒరుగుతుంది, పేనుబంక కూడా చేరుతుంది. మొక్క మోకాలెత్తు రాగానే మడి మూలల్లో సరుగుడు కర్రలు పాతి, ఒకటిన్నర అడుగు దగ్గర ఒకటి, మూడడుగుల దగ్గర ఒకటి జనపనార తాడు చుట్టండి. అక్టోబరు తుపాను గాలుల భయముంటే జూన్ చివర్లో కాడల్ని మూడో వంతు కత్తిరించండి. ఎత్తు తగ్గినా కొమ్మలు పెరుగుతాయి. కింది ఆకులపై బూడిద తెగులు కనిపిస్తే గుబురు పలచన చేసి, నీళ్లు మొదట్లోనే పోయండి.

అసలు జాగ్రత్త వేరు దగ్గర. మట్టి కాస్త తొలిస్తే తల్లి మొక్క నుంచి పక్కకు పాకిన కాడలు, వాటి కొసల్లో మొలకలు కనిపిస్తాయి. అడుగు కోసేసిన 20 లీటర్ల పెయింటు బకెట్టును నేలలో పాతి, అంచు రెండంగుళాలు పైకి ఉంచి, అందులో నాటండి. రెండేళ్లకోసారి తవ్వి, అంచు పిలకలు ఉంచుకుని నడిమి ముదురు దుబ్బు తీసేయండి. తీసిన ముక్కల్ని ఎండబెట్టి కాల్చాలి తప్ప గెడ్డలో పారేయకూడదు. చిన్న ముక్క కూడా చిగురిస్తుంది. చైనా, జపాన్‌లలో ఖాళీ జాగాలను ఆక్రమించిన మొక్క ఇది.

తుమ్ములొస్తాయని దీన్ని అనుమానించకండి. దీని పుప్పొడి బరువైనది, జిగురుగా ఉంటుంది, గాలిలో తేలదు, తేనెటీగలే మోస్తాయి. ఖాళీ స్థలాల్లో తెల్లగా పూసే వయ్యారిభామను పీకండి.

కుచ్చులో మూడో వంతు పూలు విచ్చినప్పుడు పొద్దున్నే కోస్తే ఎక్కువ రోజులు నిలుస్తాయి. కోయకుండా వదిలిన వాటిని విత్తనం దూదిలా విచ్చకముందే తుంచండి, లేదంటే గాలికి పక్కింటి మడిలోనూ మొలవొచ్చు.