టికెట్ ముందు, పాట తర్వాత

అధ్యక్షుల వారికి, లైబ్రరీ కమిటీ పెద్దలకి, పండక్కి ఏలూరు వచ్చి ఇంకా తిరుగు బస్సు ఎక్కని పిల్లలకి నమస్కారం. నాకు ఇచ్చిన అంశం పుస్తక పఠనం. దాని మీద మాస్టారు ఏటా మాట్లాడుతున్నారు, నాకంటే బాగా మాట్లాడతారు. ఈ 2025 సంక్రాంతి వారంలో మీరంతా ఏం చదివారో నాకు తెలీదు గానీ, ఏం చూశారో మాత్రం తెలుసు. సగం మందిని హాలు దగ్గరే చూశాను. కాబట్టి అధ్యక్షుల వారు గంట కొట్టేదాకా సినిమాల గురించే మాట్లాడతాను.

ఈసారి మూడొచ్చాయి. 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం. డిసెంబర్ 5న వచ్చిన పుష్ప 2 ఇంకా దిగలేదు. దాని సంగతి చివర్లో.

సంక్రాంతికి వస్తున్నాం చూసి కడుపుబ్బ నవ్వాను. కథేంటి అని అడక్కండి. ఒక కిడ్నాపు, ఒక మాజీ పోలీసు, ఆయన భార్య, ఆయన పాత ప్రేయసి. కిడ్నాప్ భాగంలో తర్కం వెతికితే మీకే నష్టం. కానీ వెంకటేష్ ఇద్దరాడవాళ్ళ మధ్య ఇరుక్కుని మొహం పెడతాడు చూడండీ, దానికి హాలంతా పడిపోయింది. అందులో బుల్లిరాజు అనే పిల్లాడి తిట్లు నాకు నచ్చలేదు. నచ్చలేదు గానీ నవ్వాను. గోదారి గట్టు పాటలో చాలా ఏళ్ళకి రమణ గోగుల గొంతు వినబడేసరికి నా పక్కన కూర్చున్న మా అల్లుడు, బ్యాంకు ఆఫీసరు, విజిలేశాడు.

డాకు మహారాజ్‌లో ఫొటోగ్రఫీ బాగుంది. ఇసక, ఎండ, గుర్రం, బాలకృష్ణని అలా చూపించి చాలా కాలమైంది. సంగీత దర్శకుడు తమన్ సౌండుకి నా చెవిలో మిషను తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ దబిడి దిబిడి పాట వచ్చినప్పుడు మాత్రం మనవరాలిని పాప్‌కార్న్‌కి పంపాను. ఇంతకంటే చెప్పను.

ఇక గేమ్ ఛేంజర్. అసలు నేను నిలబడింది దీని కోసమే.

సినిమా ఎలా ఉందంటే, అప్పన్న అనే పాత్ర ఉన్నంతసేపూ బాగుంది. నత్తి వల్ల నలుగురిలో మాట్లాడలేని నాయకుడి వేషం రామ్ చరణ్ బాగా చేశాడు, పక్కన అంజలి ఇంకా బాగా చేసింది. మిగతాది దర్శకుడు శంకర్ పాత సినిమాలు చూసినవాళ్ళకి ముందే తెలిసిపోతుంది. సరే, అది అభిప్రాయం, మీది వేరే ఉండొచ్చు. నా గొడవ అది కాదు.

నా గొడవ పాట. నానా హైరానా. కార్తీక్, శ్రేయా ఘోషల్ పాడారు. మా మనవరాలు దాని మీద డాన్సు నేర్చుకుంది, మాకందరికీ నోటికొచ్చేసింది. మొదటిరోజే వెళ్ళాం. పాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని పిల్ల సీటు అంచున కూర్చుంది. ఇంటర్వెల్ అయింది, శుభం కూడా పడింది. పాట రాలేదు!

బయటికొచ్చి గేటు దగ్గర కుర్రాడిని అడిగితే, "నెట్‌లో చెప్పారు కదండీ, 14 నుంచి కలుపుతారంట" అన్నాడు. నిజంగానే నిర్మాతలు ప్రకటించారు. న్యూజిలాండ్‌లో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీశారట, మొదటి ప్రింట్లలో ఆ దృశ్యాల ప్రాసెసింగ్‌లో సాంకేతిక సమస్య వచ్చిందట. రావచ్చు. కానీ బాబూ, ఈ సినిమా 2021లో మొదలైంది. మూడేళ్ళు ఆగినవాళ్ళం, ఇంకో నాలుగు రోజులు ఆగలేమా?

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేశానని మీలో చాలామందికి తెలుసు. ఏలూరులో బెజవాడకి టికెట్ కొట్టి హనుమాన్ జంక్షన్‌లో దింపేసి, "పండగ రోజు రండి, మిగతా దూరం తీసుకెళ్తాం, టికెట్ మాత్రం మళ్ళీ తీసుకోవాలి" అంటే మీరు ఊరుకుంటారా? వెనక వరసలో వాళ్ళు చెప్పండి, ఊరుకుంటారా?

పైగా రేటు చూడండి. మన రాష్ట్రంలో ఈ సినిమాకి రాత్రి ఒంటిగంట ఆటకి 600 పెట్టుకోమని జీవో ఇచ్చారు. మామూలు హాల్లో టికెట్ మీద 135 రూపాయలు అదనం. అంటే మొదటి రోజుల్లో వెళ్ళినవాడు ఎక్కువ కట్టి తక్కువ చూశాడు. పుష్ప 2 అభిమానిదీ అదే కథ. తెలంగాణలో ముందురోజు రాత్రి ప్రీమియర్‌కి టికెట్ మీద 800 పెంచారు. మూడు గంటలు దాటిన సినిమాని కదలకుండా చూశాడు పాపం. మొన్న 17 నుంచి ఇంకో ఇరవై నిమిషాలు కలిపి వేస్తున్నారు. ఎక్కువ సినిమా ఆలస్యంగా వచ్చినవాడికి, ఎక్కువ రేటు ముందొచ్చినవాడికి!

పాతకాలంలో ఇది లేదా అంటారు. ఉంది. యాభై రోజులయ్యాక "కొత్త సీన్లు కలిపాం" అని పోస్టరు మీద స్లిప్ అంటించేవాళ్ళు. అది రెండోసారి రప్పించడానికి వేసే కొసరు. ఇది అలా కాదు, ముందే పాట విడుదల చేసి, ఆశ పెట్టి, తీసేయడం. అప్పట్లో రీలు పెట్టెలు ఊరూరా తిరగాలి, ఏం మార్చాలన్నా చచ్చే పని. ఇప్పుడంతా డిజిటల్. సర్దడం తేలికైంది కదా అని సర్దకుండానే పంపేస్తున్నారు.

నాకో అలవాటుంది. సినిమాకి ముందు తెర మీద సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది చూడండి, అందులో నిడివి ఉంటుంది. అందరూ సీట్లు వెతుక్కుంటుంటే నేనది చదువుతాను. పఠనం అన్నారుగా, ఇదీ పఠనమే. అయితే అది చదివేటప్పటికి డబ్బులు ఇచ్చేసి ఉంటాం.

గంట విన్నానండి, రెండే నిమిషాలు.

నేనడిగేది చిన్నది. హాలు బయట రేట్ల బోర్డు పక్కనే సినిమా నిడివి రాయాలి. ట్రైలర్లో చూపించిందో, ముందే విడుదల చేసిన పాటో లేకపోతే, లేదని రాయాలి. తర్వాత కలిపితే, పాత టికెట్ చూపించినవాడికి పెంచిన రేటు మేరకైనా తగ్గించాలి. ఊళ్ళో హాళ్ళ వాళ్ళకి, ఫిలిం ఛాంబర్‌కి పంపడానికి కాగితం రాసి తెచ్చాను, అదిగో టీ గ్లాసుల పక్కన పెట్టాను. మాస్టారు మొదటి సంతకం పెట్టారు. పాతిక మంది పెడితే రేపే రిజిస్టర్ పోస్టులో వేస్తాను. టికెట్ ముక్కలు ఎవరి దగ్గరైనా మిగిలుంటే అవి కూడా ఇవ్వండి, జత చేస్తాను. ఫోన్లో బుక్ చేసిన పిల్లలు ఆ మెసేజ్ ప్రింటు తీసివ్వండి.