కడప ఎండల్లో ఓవర్‌క్లాకింగ్

హోస్ట్: నమస్కారం. కడపలో మే నెలంటే మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఇలాంటి ఊళ్లో ఓవర్‌క్లాకింగ్, అంటే కంప్యూటర్ చిప్‌ను కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువ స్పీడ్‌లో నడపడం, పెట్టుకోవచ్చా అన్నా?

గెస్ట్: పెట్టుకోవచ్చు తమ్ముడూ. అయితే అందరూ ముందు క్లాక్ మీద, అంటే చిప్ నడిచే స్పీడ్ మీద పడతారు. నేను ముందు ర్యామ్ చూడమంటాను. డబ్బా మీద 3200 అని ఉన్న డీడీఆర్4 ర్యామ్ కొంటారు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో, ర్యామ్‌ను దాని పూర్తి స్పీడ్‌లో నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేయకపోతే అది చాలావరకు 2133లోనో 2400లోనో నడుస్తుంటుంది. డబ్బు పెట్టి కొన్న స్పీడే వాడట్లేదు, ఇంక పైకి పెంచేదేముంది?

హోస్ట్: మరి ప్రాసెసర్?

గెస్ట్: ఓవర్‌క్లాక్ చేయాలంటే, ఇంటెల్ అయితే మామూలుగా ప్రాసెసర్ పేరు చివర కె, మదర్‌బోర్డు జెడ్ సిరీస్ ఉండాలి. ఏఎండీ వాళ్ల రైజెన్‌కు బి సిరీస్ బోర్డు చాలు. కానీ ఇప్పటి ప్రాసెసర్లు చల్లగా ఉంటే వాటంతట అవే క్లాక్ పెంచుకుంటాయి. గేమ్స్‌కు అసలు ఫలితం గ్రాఫిక్స్ కార్డులో ఉంది. అక్కడ మన ఎండకు సరిపోయే పని అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కు ఇచ్చే వోల్టేజ్ తగ్గించడం.

హోస్ట్: వోల్టేజ్ తగ్గిస్తే ఎఫ్‌పీఎస్, అంటే గేమ్‌లో సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు, పడిపోదా?

గెస్ట్: క్లాక్ తగ్గించట్లేదు కదా! చిప్ తినే పవర్ వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్) బట్టి మారుతుంది. అదే క్లాక్ దగ్గర వోల్టేజ్ 10 శాతం తగ్గిస్తే ఆ పవర్ దాదాపు 19 శాతం తగ్గుతుంది. ఎండాకాలంలో కార్డు వేడెక్కి క్లాక్ తానే దించేసుకుంటుంది, గేమ్ మధ్యలో ఆగి ఆగి నడిచేది అందుకే. వేడి తగ్గితే క్లాక్ నిలబడుతుంది. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వోల్టేజ్‌కు ఎంత క్లాక్ అని చూపే కర్వ్ వస్తుంది. అందులో వోల్టేజ్ కొంచెం కొంచెంగా దించుతూ పోవాలి. పక్కింటి కుర్రాడి సెట్టింగ్ కాపీ కొట్టొద్దు, ఒకే మోడల్ అయినా ఏ రెండు చిప్‌లూ ఒకేలా ఉండవు.

హోస్ట్: సెట్ అయిందని ఎలా నమ్మాలి?

గెస్ట్: మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పెద్ద గేమ్ ఆడి చూడాలి. రాత్రి చల్లగా ఉన్నప్పుడు పాసైన సెట్టింగ్ పగలు క్రాష్ కావచ్చు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఇంకొకటి, నాపరాయి పాలిష్ మిషన్ల దగ్గర ఇల్లున్నవాళ్లు డస్ట్ ఫిల్టర్ తరచూ దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

హోస్ట్: మా ఇంట్లో ఏసీ లేదన్నా, కూలరే. దాన్ని క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టొచ్చా?

గెస్ట్: వద్దు వద్దు! కూలర్ గాలితో పాటు నీటి తుంపర్లు వస్తాయి, బోర్డు పాడవుతుంది. కిటికీ దగ్గర పెట్టి గదిని చల్లబరచు, ఎదురు కిటికీ తెరిచి ఉంచు. క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరిపితే వెనక నుంచి వేడి గాలి బయటికి పోతుంది.